ఇంట్లో చదువు: పొద్దున్నే ఒక్క పట్టున ముగించడమా, ఇంటి పనుల మధ్య నేర్పడమా? ఏది మేలు?

పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నామని చెప్పగానే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "మరి సర్టిఫికెట్ ఎలా?" అని. దానికి జవాబుంది, తర్వాత చెబుతాను. రోజూ మనల్ని నలిపేసేవి వేరే ఉన్నాయి. పొద్దున తొమ్మిదిన్నరకి పెద్దది భాగహారం దగ్గర ఆగిపోయి పిలుస్తూ ఉంటుంది. చిన్నోడు రబ్బరు కనపడట్లేదని మంచం కిందికి దూరతాడు. కుక్కర్ నాలుగో విజిల్ వేస్తుంది. సరిగ్గా అప్పుడే పనమ్మాయి ఇవాళ రావట్లేదని ఫోన్ చేస్తుంది. ఇంట్లో అమ్మ ఒక్కతే. ముందు ఎటు పోవాలి?

ఇంటి చదువు అనగానే అందరూ సిలబస్ గురించి, యాప్‌ల గురించి మాట్లాడతారు. నేను చూసిన ఇళ్లలో తగువులు ఎక్కువగా వేళల మీదే వచ్చాయి. పుస్తకాలకేమీ కొదవ లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలూ నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. దొరకనిది, అమ్మకి అడ్డు లేకుండా పిల్లల పక్కన కూర్చునే గంట. ఆ గంటని ఎక్కడ పెట్టుకోవాలన్న దాని మీదే ఈ పోలిక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పన్నెండేళ్లలోపు పిల్లలున్న ఇంటికి పొద్దుటి పూట రెండు, రెండున్నర గంటలు ఒక్క పట్టున చదివించడమే మేలు. అయితే ఆ వేళలో వంట లేకుండా చూసుకోగలిగితేనే. అది కుదరని ఇంటికి ఇంటి పనుల మధ్య నేర్పడమే నయం.

బడిలా పీరియడ్లు పెట్టడం

దీన్ని త్వరగా వదిలేస్తాను. తొమ్మిది నుంచి మూడింటి దాకా గంటకో సబ్జెక్టు, గోడ మీద టైంటేబుల్, మధ్యలో ఇంటర్వెల్. మొదలుపెట్టిన కొత్తలో చాలామంది ఇదే చేస్తారు, ధైర్యంగా ఉంటుంది కాబట్టి. కానీ నలభై మంది పిల్లలున్న గదిలో అటెండెన్స్‌కీ, నోట్సు దిద్దడానికీ, అల్లరి ఆపడానికీ పోయే సమయం ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పోదు. బడిలో గంట పట్టే పాఠం ఇంట్లో ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన నలభై నిమిషాలూ పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టాలి, మనమూ వంట మానుకుని కూర్చోవాలి. దానివల్ల ఎవరికీ లాభం లేదు.

ఇంటి పనుల మధ్య నేర్పడం

ఈ పద్ధతి అంటే నాకు నిజంగా ఇష్టం. దోసెల పిండికి ఒక గ్లాసు మినప్పప్పుకి మూడు గ్లాసుల బియ్యం పోస్తున్నప్పుడు, "రెండున్నర గ్లాసుల పప్పు వేస్తే బియ్యం ఎంత?" అని అడిగితే పిల్లలు గ్లాసులు పట్టుకుని తేల్చేస్తారు. ఆ నిష్పత్తి ఇక మరిచిపోరు. కరెంటు బిల్లు అంతకన్నా మంచి పుస్తకం. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో పెరిగిన రేట్లతో పెద్దదానికి ఒక లెక్క ఇచ్చాను. స్థిర ఛార్జీలు పక్కన పెడితే, నెలకి 100 యూనిట్లు కాలిన ఇంటికి మొదటి 50కి రూ.1.95 చొప్పున, తర్వాతి 50కి రూ.3.10 చొప్పున మొత్తం రూ.252.50 అవుతుంది. 101 యూనిట్లు కాలితే స్లాబే మారిపోతుంది. మొదటి వందకీ రూ.3.40 చొప్పున, ఆ పై ఒక్క యూనిట్‌కి రూ.4.80, మొత్తం రూ.344.80. ఒక్క యూనిట్‌కి రూ.92.30 తేడా! తప్పు చేశానేమోనని అది మళ్లీ మళ్లీ కూడింది. దశాంశాల పాఠం ఎంత బాగా చెప్పినా ఆ కళ్లలో అంత ఆశ్చర్యం రాదు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా బిల్లే రాని ఇళ్లు కూడా ఉన్నాయని చెబితే, "ఎవరికిస్తారు? ఎందుకు?" అని సాంఘికశాస్త్రంలోకి దిగింది.

మరి ఇంత బాగున్నదాన్ని ఎందుకు రెండో స్థానంలో పెడుతున్నానంటే, ఇంటి పని అర్థాన్ని నేర్పుతుంది గానీ సాధన చేయించదు. మూడంకెల సంఖ్యని రెండంకెలతో భాగించడం చెయ్యి తిరగాలంటే పక్కన మనిషి ఉండి, తప్పు పడ్డ చోటే పట్టుకోవాలి. తెలుగు రాత అయితే మరీను. గుణింతాలు దాటాక వత్తుల దగ్గర పిల్లలు తడబడతారు. క వత్తో, గ వత్తో, ల రాయాలో ళ రాయాలో, ద రాయాలో ధ రాయాలో రోజూ కాసేపు రాసి, రాసింది వెంటనే దిద్దించుకుంటేనే కుదురుతుంది. వంటింట్లోంచి డిక్టేషన్ చెప్పొచ్చు. తాలింపు మాడకుండా దాన్ని దిద్దడం కుదరదు.

కాబట్టి చదువుని నేను రెండుగా విడదీసుకున్నాను. నోటితో అయ్యేది పనుల్లో కలుస్తుంది. బట్టలు ఆరేస్తూ ఎక్కాలు, గోంగూర ఒలుస్తూ పద్యాలు, కూరగాయల బండి దగ్గర నోటి లెక్కలు, పడుకునేటప్పుడు కథలు. చేత్తో రాయాల్సింది పనుల్లో కలవదు. దానికి విడిగా ఒక వేళ ఉండాల్సిందే.

ఇంకో ఇబ్బంది, చదువు రోజంతా పరుచుకుని ఉంటే పిల్లలు ఎప్పుడూ ఖాళీగానే ఉన్నారని అందరూ అనుకుంటారు. "పాపని ఒకసారి పంపు వదినా, పెరుగు ప్యాకెట్ తెచ్చిపెడుతుంది" అని పక్కింటి వాళ్లు అడుగుతారు. పదకొండింటికి చుట్టాలు ఫోన్ చేసి ముప్పావుగంట మాట్లాడతారు. వాళ్ల తప్పేం లేదు, మనం ఖాళీగా లేమని వాళ్లకి తెలిసే గుర్తేదీ మనం పెట్టలేదు. అలా పొద్దుట సగంలో ఆగిన లెక్క సాయంత్రానికి జరుగుతుంది. అపార్ట్‌మెంట్‌లో బడి పిల్లలు ఐదింటికి కిందికి దిగుతారు. మన పిల్లలు అప్పటికీ పుస్తకం ముందే ఉంటే వాళ్లకి స్నేహాలు ఎక్కడ దొరుకుతాయి? ఇంటి చదువు పిల్లలకి తోడు ఉండదన్న మాటకి చాలాసార్లు కారణం ఇదే.

పొద్దుటి పూట ఒక్క పట్టున

ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా అనుకుందాం. ముందు లెక్కలు, తర్వాత తెలుగు రాత, ఆ తర్వాత ఇంగ్లిష్ చదవడం. అంతే, ఇంకేం పెట్టకూడదు. సైన్సూ సోషలూ చిన్న తరగతుల్లో మధ్యాహ్నం మాటల్లో, తోటలో, మ్యాపు ముందర నడిచిపోతాయి. ఇద్దరు పిల్లలుంటే ఒకరికి కొత్త పాఠం చెబుతున్నప్పుడు రెండో వాళ్లకి తెలిసిన పని ఇవ్వాలి. ఇద్దరికీ ఒకేసారి కొత్తది మొదలుపెడితే ఆ పూట అరుపులతోనే పోతుంది.

దీని లాభం రాయకుండానే తెలుస్తుంది. పదకొండు దాటితే చదువు అయిపోయినట్టే, ఆ తర్వాత మనమూ పిల్లలూ ఆ టెన్షన్ లేకుండా ఉండొచ్చు. చుట్టాలకి కూడా కొద్ది రోజుల్లో అలవాటైపోతుంది, మధ్యాహ్నం భోజనాలయ్యాకే ఫోన్ చేస్తారు.

నష్టం వంటింట్లో ఉంది. పదకొండుకి లేచి అన్నం, పప్పు, కూర, పచ్చడి మొదలుపెడితే భోజనం ఒంటిగంటన్నర అవుతుంది, అందరికీ నీరసం, విసుగు. టిఫినుతో పాటే కుక్కర్‌లో పప్పూ అన్నం పెట్టేసి, పోపు ఒక్కటి పన్నెండింటికి వేసుకుంటే సగం బరువు దిగుతుంది. బీన్స్, దొండకాయ, క్యారెట్ ముందురోజు రాత్రే తరిగి డబ్బాలో పెట్టుకోవచ్చు. బెండకాయ అలా తరిగి ఉంచితే జిగురొస్తుంది, వంకాయ నల్లబడుతుంది, ఆ రెండూ ఆదివారానికి వదిలేయాలి. హైదరాబాద్‌లో చాలా కాలనీలకి మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అవి మీ వీధికి చదువు వేళలోనే వస్తుంటే, ఆ రోజుల్లో పాఠం అరగంట ఆలస్యంగా మొదలుపెట్టడమే మంచిది. నీళ్లు పట్టుకుంటూ లెక్కలు చెప్పలేం.

ఇక్కడ నాన్నల మాట గట్టిగా చెప్పాలి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగాల్లో అమెరికా వాళ్లతో కాల్స్ సాయంత్రం నుంచి మొదలవుతాయి. అలాంటి ఉద్యోగమున్న నాన్నకి పొద్దున కాస్త వెసులుబాటు ఉంటుంది. ఆ వేళలో లెక్కలు ఆయన చెబితే, అమ్మ ఆ గంటలో వంట ముగించుకుని తెలుగు వేళకి వచ్చి కూర్చోవచ్చు. మా ఇంట్లో లెక్కలు మా ఆయనే చెబుతారు, కథలూ పద్యాలూ అత్తయ్య చెబుతారు. ఒకే మనిషి ఒకే గంటలో టీచరూ వంటమనిషీ అవ్వాల్సి వస్తే ఏ పద్ధతైనా కొన్నాళ్లకి కూలిపోతుంది. ముందు మాట్లాడుకోవాల్సింది దాని గురించే, పుస్తకాల గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

ట్యూషన్ టీచర్ని ఇంటికి పిలిపించుకోవడం మూడో దారి. ఒక్క సబ్జెక్టుకి, మనకి బొత్తిగా రానిదానికి పెట్టుకుంటే మంచిదే. అన్నిటికీ పెట్టుకుంటే బడి ఫీజు ఇంటికే వచ్చినట్టు.

సర్టిఫికెట్ సంగతి

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఇంటి చదువుని పేరు పెట్టి ఒప్పుకోలేదు, అలాగని తల్లిదండ్రులకి శిక్షా రాయలేదు. ఈ మధ్యస్థ స్థితిలోనే మన దగ్గర కుటుంబాలు నడుస్తున్నాయి. పదో తరగతికి ఎన్ఐఓఎస్ ఉంది. బడికి వెళ్లని వాళ్లచేత పరీక్షలు రాయించే, 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైన కేంద్ర సంస్థ. తెలంగాణకీ, ఆంధ్రప్రదేశ్‌కీ వేరువేరుగా ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి. పదో తరగతికి చేరాలంటే 14 ఏళ్లు నిండాలి. ఎన్ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడతారు, ఒకసారి చేరితే ఐదేళ్లు గడువు ఉంటుంది. తెలుగు మాధ్యమంలోనూ రాయొచ్చు. పదో తరగతి స్థాయి విదేశీ పరీక్ష ఐజీసీఎస్ఈ కూడా కొందరు రాయిస్తారు. సబ్జెక్టుకి ఇంతని వేల రూపాయలు కట్టాలి, పరీక్ష రాయించే సెంటరు వెతుక్కోవాలి. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఓపెన్ స్కూలే మేలని నా ఉద్దేశం.

వీటికీ పై పోలికకీ సంబంధం ఉంది. ఏ బోర్డు పరీక్షైనా గంటల తరబడి కూర్చుని చేత్తో రాయాల్సిందే. మాటల్లో ఎంత బాగా నేర్చుకున్న పిల్లలైనా, ఏకబిగిన రాసే అలవాటు లేకపోతే అక్కడ చెయ్యి నొప్పెడుతుంది, టైం చాలదు. అందుకే పదకొండు, పన్నెండేళ్లు వచ్చేసరికి పొద్దుటి పూటలో రాత భాగం పెంచాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి లెక్క వేరు. టెక్సాస్‌లో ఇంటి చదువుని ప్రైవేటు బడితో సమానంగా చూస్తారు, ప్రభుత్వానికి చెప్పాల్సిన పని లేదు. న్యూయార్క్‌లో ఏటా ప్రణాళిక రాసివ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి, ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఏడాదికి 900 గంటల చదువు చూపించాలి. దోసెల పిండి దగ్గర నేర్చుకున్న లెక్కని గంటల్లో రాసుకోవడం కష్టం. అక్కడ ఉన్నవాళ్లకి వేళ కట్టిన చదువు ఇంకా అవసరం.

ఏ ఇంటికి ఏది

పాలు తాగే బిడ్డ ఉన్న ఇంట్లో పొద్దుటి పట్టు కోసం పంతం పట్టొద్దు. బిడ్డ నిద్ర మీదే చదువు నడవాలి. బిడ్డ పడుకున్న ముప్పావుగంటలో రాత, మిగిలినదంతా పనుల మధ్య. ఏడాదిన్నర అలా గడిచినా పెద్దపిల్లలకి వచ్చే నష్టమేం లేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడూ, పెళ్లిళ్ల సీజన్లోనూ ఇదే పద్ధతి.

ఎండాకాలం కూడా అంతే. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా అపార్ట్‌మెంట్ అంతా బడి పిల్లలే, పొద్దున ఏడింటికే కింద క్రికెట్ మొదలవుతుంది. ఆ కేకలు వింటూ మనవాళ్లని భాగహారాల ముందు కూర్చోబెడితే చదువంటేనే కోపం వస్తుంది. ఆ రోజుల్లో రాత అరగంట చాలు, అది కూడా ఎండకి ఎవరూ బయటికి వెళ్లని మధ్యాహ్నం పూట. ఆవకాయ పెట్టే రోజుల్లో కారం, ఆవపిండి, ఉప్పు పాళ్లు వాళ్లచేతే కొలిపించండి. జూన్‌లో బడులు తెరిచి కింద క్రికెట్ ఆగిపోగానే మళ్లీ ఎనిమిదిన్నరకి కూర్చోబెట్టండి, మొదటి వారం లెక్కలు ఒక్కటే.