ట్రినిడాడ్‌లో బయట తిండి: పేర్లు మనవే, వంట వేరు

ఏళ్ల తరబడి ఈ కరీబియన్ దీవిలో బయట తిన్నాక తేలినదేమిటంటే, ట్రినిడాడ్‌లో ఏ హోటల్‌కి వెళ్లామన్నదాని కంటే ఏ వేళకు వెళ్లామన్నదే ముఖ్యం. పొద్దున్నే డబుల్స్, మధ్యాహ్నం రోటీ, రాత్రికి చైనీస్, లేదా రొట్టెలో మాంసం చుట్టి ఇచ్చే గైరో. మూడింటికి రోటీ షాపుకి పోతే ధాల్‌పూరీ అయిపోయిందనే మాటే వినిపిస్తుంది.

డబుల్స్ అంటే రెండు బరాలు, వాటి మీద కాబూలీ శనగల కూర. బరా కోసం మైదాలో పసుపు, ఈస్ట్ వేసి, చేతికి అంటుకునేంత జారుగా కలిపి, నూనె చేత్తో పల్చగా ఒత్తి, కొన్ని సెకన్లే వేయిస్తారు. అందుకే బరా పూరీలా కరకరలాడదు, దూదిలా ఉంటుంది. పైన కీరా తురుము, చింతపండు చట్నీ, కుచేలా వేస్తారు. కుచేలా అంటే ఆవనూనెలో మసాలాతో ఊరిన పచ్చిమామిడి తురుము. షాడో బెనీ అనే పొడవాటి ఆకు పచ్చడి కూడా ఉంటుంది. దాని వాసన కొత్తిమీరదే, ఘాటు మాత్రం రెండింతలు.

ఇక్కడ పెప్పర్ అంటే మిరియాలు కాదు, స్కాచ్ బోనెట్ మిరపకాయ సాస్. ఆర్డర్ చెప్పేటప్పుడు ‘స్లైట్’ అంటే చుక్క, ‘మీడియం’ అంటే బాగానే, ‘హెవీ’ అంటే ధారాళంగా. ఆంధ్రా కారం తిన్నవాళ్లం కదా అని మొదటిరోజే హెవీ అనకండి. మన గుంటూరు సన్నం ఘాటు 35 వేల నుంచి 40 వేల స్కోవిల్ యూనిట్లు. ఈ దీవిలోనే పుట్టిన మొరుగా స్కార్పియన్ కాయల్లో కొన్ని 2012లో న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ పరీక్షలో 20 లక్షలు దాటాయి. సాస్‌లో ఏ కాయ వేశారో కొట్టువాణ్ణి అడగడంలో తప్పులేదు.

డబుల్స్ పొట్లం కట్టించుకుని ఇంటికి తేవడం వృథా. పది నిమిషాల్లో శనగల నీరు బరాలోకి ఇంకి ముద్దయిపోతుంది. అక్కడే నిలబడి, పై బరా తుంచి శనగలను అందుకుంటూ తినాలి. చాలాచోట్ల తిన్నాకే లెక్క చెప్పి డబ్బులిస్తారు. క్యూరెప్ కూడలి, సెయింట్ జేమ్స్ వీధి బండ్లు నమ్మదగ్గవి. దక్షిణాన డెబేకి వెళ్తే సహీనా తప్పకుండా తినండి: చేమాకుకు పిండి పట్టించి వేయించింది, చింతపండు చట్నీతో.

రోటీ షాపుల్లో పేర్లు వినగానే మన ఇల్లే అనిపిస్తుంది. అక్కడే పొరబడతాం. ఇక్కడ ధాల్ అంటే కందిపప్పు కాదు, పసుపు బఠాణీ పప్పు. దాన్ని ఉడికించి, పొడిగా రుబ్బి, వేయించిన జీలకర్ర కలిపి రోటీ లోపల పెడితే ధాల్‌పూరీ. బస్ అప్ షట్ అంటే పెనం మీదే చెక్క గరిటెలతో కొట్టి చింపిన పరాఠా, చిరిగిన చొక్కాలా (‘బస్టెడ్ అప్ షర్ట్’) ఉంటుందని ఆ పేరు. దూరం తీసుకెళ్లాలంటే ఇదే మేలు, కూర వేరే డబ్బాలో ఇస్తారు. ధాల్‌పూరీలో కూర చుట్టిస్తే అరగంటకే పులుసు కారి అడుగు చిరుగుతుంది. మేక మాంసం ఎముకలతోనే చుడతారు, వద్దనుకుంటే ముందే చెప్పాలి.

కూర రుచి మనది కాదు. కర్రీ పౌడర్‌ను నీళ్లలో ముద్దగా కలిపి, కాగిన నూనెలో నీరిగిరేదాకా వేయించి, అందులో మాంసం వేస్తారు. జీలకర్ర ముందుంటుంది, ఎండుమిర్చి దాదాపు ఉండదు. ఈ తేడాకు మూలం వలసలో ఉంది. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ కలకత్తా నుంచి తెచ్చినవాళ్లతో మొదలై, 1917 దాకా సాగిన కూలీల వలసలో భోజ్‌పురీవాళ్లే ఎక్కువ. మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వచ్చాయి, వాటిలో తెలుగువాళ్లూ ఉన్నారు. వంటింట్లో మాత్రం చోకా, భాజీ, తవా అనే భోజ్‌పురీ మాటలే నిలిచాయి. పొద్దున సాదా రోటీతో కాల్చిన వంకాయ చోకా తింటే మన వంకాయ పచ్చడి గుర్తొస్తుంది, చింతపండు మాత్రం ఉండదు.

శాకాహారులు క్రియోల్ (ఆఫ్రికన్ మూలాలున్న స్థానిక వంట) భోజనశాలల్లో జాగ్రత్తగా ఉండాలి. కలలూ చూడటానికి ఆకుకూరే: చేమాకు, బెండకాయ, కొబ్బరిపాలు. కానీ అందులో పీతో, ఉప్పు పట్టించిన పంది తోకో పడటం మామూలు. ఉడికించిన చిక్కుళ్లలోనూ అంతే. మాకరోనీ పైలో గుడ్డుంటుంది. రాస్తాఫారీ మతస్థులు నడిపే ఐటల్ అనే శాకాహార కొట్లలో ఆ బెంగ లేదు, ఉప్పు తక్కువైందని నొచ్చుకోకూడదు. మాంసాహారులు పెలావ్ వదలకండి. చక్కెరను నల్లబడేదాకా మాడ్చి, అందులో కోడి వేయించి, బియ్యం, పచ్చి కందులతో వండుతారు. చక్కెర ఒక్క క్షణం ఎక్కువ మాడినా అన్నమంతా చేదెక్కుతుంది, అదే వంటవాడికి పరీక్ష.

మరాకస్ తీరంలో బేక్ అండ్ షార్క్‌కే పేరు. బేక్ అంటే నూనెలో వేయించిన రొట్టె. సొరచేప బదులు కింగ్‌ఫిష్ అడగండి, మన వంజరానికి దగ్గరి చుట్టం. సొరచేపలు తరిగిపోతున్నాయి, రుచిలోనూ నష్టమేమీ లేదు. సాస్‌లన్నీ ఒకేసారి పోస్తే చేప జాడ తెలియదు, వెల్లుల్లి, చింతపండు చాలు.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అరియపీటా అవెన్యూలో బల్ల దగ్గర కూర్చుని తినే రెస్టారెంట్లకు వెళ్తే మెనూ ధర మీద 12.5 శాతం వ్యాట్, చాలాచోట్ల 10 శాతం సర్వీస్ చార్జి పడతాయి. అవి కలిపిన ధరో కాదో కూర్చునే ముందే అడగండి. అక్కడి చైనీస్‌లో వేయించిన కోడి, పెప్పర్ సాస్ బాగుంటాయి, నూడుల్స్ మామూలే.

తాగడానికి సారెల్ తీసుకోండి. క్రిస్మస్ రోజుల్లో తాజాగా దొరికే ఈ ఎర్రటి పానీయం మన గోంగూర మొక్క పూతొడిమలతోనే చేస్తారు, లవంగం, దాల్చినచెక్క వేసి. పంచదార ఎక్కువే పడుతుంది, ఐసు కరిగేదాకా ఆగి తాగితే ఆ పులుపు బయటికొస్తుంది.