శ్రీకాకుళం ప్రయాణం: నలగని బట్టలు, నచ్చిన లాడ్జీ, నచ్చని లాడ్జీ

ముందే చెప్పేస్తా, శ్రీకాకుళం వెళ్తుంటే గంజి పెట్టిన నూలు చీరలు ఇంట్లోనే వదిలేయండి. గంజి బట్టని పెట్టెలో ఒత్తితే మడత దగ్గర గీత పడిపోతుంది, చేత్తో ఎంత రుద్దినా పోదు. పైగా ఇది సముద్రం పక్క జిల్లా, గాలిలో తేమ ఎక్కువ. నూలు ఆ తేమ పీల్చి మెత్తబడుతుంది, బరువు కింద ఎలా నలిగి ఉంటే అలాగే ఆరి బిగుసుకుంటుంది.

జీన్సులు, టీషర్టులు, పిల్లాడి నిక్కర్లు చుట్టలు చుట్టి చక్రాల వైపు పెట్టాను, పెట్టె నిలబెట్టినప్పుడు బరువంతా అడుగునే ఉంటుంది, పైన ఉన్న పల్చటి బట్టల మీద పడదు. మా ఆయన చొక్కాలు డ్రైక్లీనింగ్ వాళ్ళు ఇచ్చే పల్చటి కవర్లలోనే ఉంచేశా. కవరు జారుతుంది కాబట్టి బట్టకీ బట్టకీ రాపిడి ఉండదు. అత్తయ్య పట్టుచీరకి మాత్రం ప్లాస్టిక్ వద్దన్నాను, లోపల తేమ నిలిచిపోతుంది. జరీ లోపలికి వచ్చేలా మడిచి పాత నూలు పంచెలో చుట్టాం. కుర్తాలు, నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలో తువ్వాలు పెట్టి, దాని చుట్టూ ఒక్కొక్కటే తిప్పి మూటలా చేశా. గట్టి మడత ఎక్కడా ఉండదు. ఇబ్బంది ఏంటంటే ఒక్కటి కావాలన్నా మూటంతా విప్పాలి, అందుకే మొదటి రోజు బట్టలు పైన విడిగా పెట్టుకోవాలి. పెట్టె మరీ కుక్కినా నలుగుతాయి, సగం ఖాళీగా ఉన్నా జరిగి ఓ మూలకి చేరి నలుగుతాయి.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, ఊళ్ళోకి మళ్ళీ ఆటోనో బస్సో ఎక్కాలి. ఆటోలో పెట్టెని వెనక నిలబెట్టకుండా కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకున్నాం.

మొదట దిగిన లాడ్జీ బస్టాండుకి దగ్గర, అంతే. ఫోన్లో అడిగినప్పుడు ఇస్త్రీపెట్టె ఉందన్నారు. ఉంది, గదులన్నిటికీ కలిపి ఒకటే, అడుగున నల్లగా మాడిన మరక. పట్టు మీద దాన్ని ఎవరు పెడతారు? అల్మరాలో హ్యాంగర్లూ లేవు. మర్నాడే మారిపోయాం. రెండోది కొంచెం లోపలికి, అద్దె కాస్త ఎక్కువ, కానీ హ్యాంగర్లున్నాయి, గీజరు పనిచేస్తుంది. వేడినీళ్ళ స్నానం చేస్తున్నంతసేపూ కుర్తా తలుపుకి తగిలిస్తే చిన్న ముడతలు సర్దుకుంటాయి. తర్వాత ఫ్యాను కింద ఆరనివ్వాలి, లేకపోతే తడితడిగా వేసుకుని ఇంకా నలుపుకుంటాం. మిగతావాటికి వీధి చివర ఇస్త్రీ బండి ఉంది. అక్కడి పెద్దాయన "గంజెట్టిన బట్ట మడతెడితే ఇరిగిపోద్దమ్మా" అన్నాడు, అత్తయ్య నా వైపు చూసి నవ్వింది.

అరసవల్లి సూర్యదేవాలయానికి ఆదివారం వెళ్ళకండి, సూర్యుడి వారమని జనం విపరీతం, క్యూలో పట్టుచీర చెమటకి తడిసిపోతుంది. వారం మధ్యలో పొద్దున్నే హాయి. శ్రీకూర్మంలో గుడి లోపల స్తంభాలు చూస్తూ నిదానంగా తిరగొచ్చు, కూర్మావతారంలో ఉన్న విష్ణువుని కొలిచే గుడి, మా పిల్లాడికి మాత్రం అక్కడి తాబేళ్ళే నచ్చాయి. శాలిహుండంలో బౌద్ధ స్తూపాల కోసం కొండెక్కాలి, చీర కంటే కుర్తా మేలు. పైనుంచి వంశధార కనిపిస్తుంది. అదే నది సముద్రంలో కలిసే కళింగపట్నంలో ఉప్పు గాలి, ఇసుక. అక్కడ వేసుకున్నవి మళ్ళీ మూటలోకి రానివ్వలేదు, విడి సంచిలో పెట్టా.

పొందూరు వెళ్ళకుండా మాత్రం రాకండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకుతారు, సన్నటి నూలు చేత్తోనే వడుకుతారు, ఆ ఖద్దరు పట్టుకుంటే తెలుస్తుంది తేడా. ధర ఎక్కువే, బేరం చెయ్యాలనిపించలేదు. కొన్న పంచెల్ని పెట్టెలో అన్నిటికంటే పైన, మడతల మధ్య పాత వార్తాపత్రిక కాకుండా తెల్ల కాగితం పెట్టి తెచ్చాం, పత్రిక సిరా తెల్ల ఖద్దరుకి అంటుకుంటుంది.