2018 నైజీరియా జెర్సీ కొనేవాళ్లు జాగ్రత్త: ఫొటోలో ఒకటి, పార్సిల్లో ఇంకొకటి

జాతీయ ఫుట్‌బాల్ జట్ల పాత జెర్సీల కోసం ఆన్‌లైన్లో వెతుకుతున్నవాళ్లు, అందులోనూ జట్టు మీద అభిమానం కన్నా డిజైన్ మీద మోజుతో కొనేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. 2018 ప్రపంచ కప్ నైజీరియా హోమ్ జెర్సీ (జట్టు ప్రధాన జెర్సీ) అని చెప్పి ఒక ఆన్‌లైన్ సెల్లర్ నాకు అంటగట్టింది పచ్చి నకిలీ. పేజీలో మాత్రం 'ఒరిజినల్, ట్యాగ్‌లతో సహా కొత్తది' అని ఉంది. పెట్టిన ఫొటోలు ఆ జెర్సీ తయారుచేసిన నైకీ అప్పట్లో విడుదల చేసినవే.

ఆ జెర్సీ విషయంలోనే ఎందుకింత మోసం జరుగుతోందంటే, దాని గిరాకీ అలాంటిది. ఛాతీ మీద లేతాకుపచ్చ, తెలుపు కలిసి ఈకల్లా పేర్చిన జిగ్‌జాగ్ గీతలు, చేతుల మీద అవే గీతలు నలుపు తెలుపుల్లో. సూపర్ ఈగిల్స్ అని పిలిచే నైజీరియా జట్టుకి గద్ద రెక్కలు తొడిగినట్టే ఉంటుంది. 1994లో నైజీరియా మొదటిసారి ప్రపంచ కప్ ఆడినప్పటి కిట్‌ని (జట్టు దుస్తుల్ని) తలుచుకుంటూ చేసిన డిజైన్ అది. నా మటుకు నాకు, ఈ మధ్య కాలంలో వచ్చిన జాతీయ కిట్లలో దాన్ని మించింది లేదు. 30 లక్షల ముందస్తు ఆర్డర్లు వచ్చాయని అప్పట్లో వార్తలొచ్చాయి. 2018 జూన్ 1న అమ్మకానికి పెడితే ఆ రోజే నైకీ సైట్లో స్టాక్ అయిపోయింది. కావాలనుకునేవాళ్లు లక్షల్లో, దొరికేవి తక్కువ. నకిలీలు చేసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

నాకు వచ్చిన చొక్కా సంగతి చెప్తాను. ఆకుపచ్చ రంగు వెలిసిపోయినట్టు, పసుపు తిరిగినట్టు ఉంది. దానికైనా ఫొటో వెలుతురు వంక పెట్టొచ్చు. భుజం కుట్టు దగ్గర చూస్తే ఏ వంకా పనికిరాదు. గీతలు అచ్చేసిన బట్టని ఇష్టమొచ్చినట్టు కత్తిరించి కుట్టేశారు. ఎడమ చేతి మీద జిగ్‌జాగ్ మొన పైకి తిరిగి ఉంటే, కుడి చేతి మీద అదే మొన కుట్టులోకి సగం వెళ్లిపోయింది. రెండు రెక్కలూ సమానంగా విచ్చుకోవడమే ఆ డిజైన్ ప్రాణం. అది పోయాక మిగిలేది గళ్ల గుడ్డ. ఛాతీ మీది నైజీరియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ చిహ్నం ప్లాస్టిక్ స్టిక్కర్‌లా మెరుస్తోంది, అంచు గోటితో గీకితే లేచి వస్తోంది.

లోపల పక్క కుట్టు దగ్గర చిన్న లేబుల్ మీద ప్రొడక్ట్ కోడ్ ఉంటుంది కదా, దాన్ని సెర్చ్‌లో కొట్టి చూశాను. వచ్చింది నైజీరియా జెర్సీ కాదు, వేరే జట్టుది. నకిలీలు చేసేచోట ఒకే లేబుల్ కట్ట తెచ్చి అన్నిటికీ కుట్టేస్తారు. మీరు వేరే ఏం చూసినా చూడకపోయినా ఈ కోడ్ మాత్రం తప్పకుండా చూడండి. కోడ్ సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, సరిపోకపోతే మాత్రం ఇక ఆలోచించాల్సిన పనే లేదు.

అసలు మోసం రిటర్న్ దగ్గర బయటపడింది. ఆర్డర్ పేజీలో వెనక పేరు, నంబర్ ఉచితంగా వేస్తామని ఆశ చూపిస్తారు. వేయించుకున్నాక, 'కస్టమైజ్ చేసిన వస్తువులు వాపసు తీసుకోం' అంటారు. ఆ షరతు ఎక్కడో అడుగున, కంటికి ఆనని అక్షరాల్లో ఉంది. వస్తువే నకిలీదైనప్పుడు కస్టమైజేషన్ మాట ఎందుకొస్తుందని అడిగితే, సగం డబ్బులిస్తాం, చొక్కా మీరే ఉంచుకోండి అని బేరం మొదలుపెట్టారు. దానికి ఒప్పుకోకండి. సగానికి సరేనంటే గొడవ పరిష్కారమైందని వాళ్ల దగ్గర రుజువు ఉన్నట్టే. అలాంటి చొక్కా చేతికొస్తే వెంటనే లేబుల్, కుట్లు, చిహ్నం దగ్గరగా ఫొటోలు తీయండి. అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ కూడా దాచుకోండి, ఫిర్యాదు చేయగానే పేజీలో 'ఒరిజినల్' అన్న మాట మాయమవుతుంది. నా విషయంలో అదే జరిగింది.

మిగతా జట్ల కిట్ల దగ్గర కూడా డిజైన్ తెలిసినవాళ్లు చిన్న చిన్న గుర్తులతో నకిలీని పట్టేయొచ్చు. అర్జెంటీనా ప్రపంచ కప్ గెలిచింది 1978, 1986, 2022లలో, గెలిచిన ఒక్కో కప్‌కి చిహ్నం మీద ఒక్కో నక్షత్రం. మూడు నక్షత్రాలు వచ్చింది మూడోది గెలిచాకే, 2022 ఫైనల్ ఆడినప్పుడు ఉన్నవి రెండే. 1986 నాటి చొక్కా అని మూడు నక్షత్రాలతో అమ్ముతున్నారంటే ఆ బట్ట వయసు మీకే తెలిసిపోతుంది. 2022 డెన్మార్క్ కిట్ కొనేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఆ ప్రపంచ కప్ జరిగిన ఖతార్‌లో మానవ హక్కుల పరిస్థితికి నిరసనగా, కిట్ తయారుచేసిన హమ్మెల్ కంపెనీ ఆ చొక్కాలో తన గుర్తునీ, జట్టు చిహ్నాన్నీ చొక్కా రంగులోనే కలిపేసి దాదాపు కనబడకుండా చేసింది. ఎర్ర చొక్కా మీద తెల్లటి గుర్తులు ధగధగా మెరుస్తున్నాయంటే అది ఆ కిట్ కాదు. నాకైతే ఆ కిట్ గొప్పతనమంతా ఆ కనబడకపోవడంలోనే ఉంది. అజ్టెక్ సూర్యశిల బొమ్మ ఉన్న 1998 మెక్సికో జెర్సీ చేసింది ఏబీఏ స్పోర్ట్ అనే కంపెనీ, ఇంకో బ్రాండ్ గుర్తు ఉంటే అది ఆనాటిది కాదు.

ఇంకో సంగతి, ఇది నకిలీల గురించి కాదు. ఆటగాళ్లు వేసుకునే రకం ప్లేయర్ వెర్షన్, అభిమానుల కోసం చేసేది ఫ్యాన్ వెర్షన్ అని రెండు రకాలుంటాయి. ప్లేయర్ వెర్షన్ ఒంటికి అతుక్కుపోతుంది, బట్ట పల్చన, చిహ్నం సాధారణంగా వేడితో అతికించినదే. చిహ్నం కుట్టలేదు కాబట్టి నకిలీదని తొందరపడి అనేయకండి. పల్చటి బట్ట ఎంతకాలం మన్నుతుందో కూడా ఆలోచించుకోండి. 2016 యూరో (ఐరోపా జాతీయ జట్ల టోర్నీ)లో ఫ్రాన్స్‌తో ఆడుతుండగా స్విట్జర్లాండ్ ఆటగాళ్ల చొక్కాలు మైదానంలోనే ఒకదాని తర్వాత ఒకటి చిరిగిపోయాయి. ఒక బ్యాచ్ బట్టలో లోపం ఉందని ఆ చొక్కాలు చేసిన పూమా ఒప్పుకుంది. రోజూ వేసుకోవడానికైతే ఫ్యాన్ వెర్షనే మేలు.

2018 నాటి జెర్సీ అన్ని సైజుల్లో, ఎప్పుడు చూసినా స్టాక్‌లో ఉందంటే అక్కడే అనుమానించాలి. ఆనాటి సరుకు మిగిలి ఉంటే ఒకటో రెండో సైజులుంటాయి. కొనే ముందు సెల్లర్‌ని మూడు ఫొటోలు అడగండి: లోపలి లేబుల్, రెండు భుజాల కుట్లు ఒకే ఫ్రేమ్‌లో, చిహ్నం వెనక వైపు. పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి తీయమనండి. అసలు వస్తువు చేతిలో ఉన్నవాడికి అది నిమిషం పని. మళ్లీ కంపెనీ ఫొటోలే పంపినా, ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుందని తొందరపెట్టినా డబ్బు కట్టకండి. పేరు, నంబర్ ఆర్డర్‌తో పాటు వేయించుకోవద్దు. చొక్కా వచ్చి, అసలుదని తేలాక బయట వేయించుకోవచ్చు.

నేను కార్డుతో కట్టాను కాబట్టి ఫొటోలు, స్క్రీన్‌షాట్లు జతచేసి బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, అది ఇంకా నడుస్తోంది. ఇదే జెర్సీ విషయంలో మీకూ ఇలాగే జరిగి ఉంటే లేబుల్ మీద ఏ కోడ్ ఉందో కింద రాయండి, అన్నీ ఒకచోట చేరితే తర్వాత కొనేవాళ్లు ఆర్డర్ పెట్టకముందే సరిచూసుకోగలుగుతారు.