మేడ మీదికి వైఫై: డబ్బాల కన్నా వైరే నయం

మిర్యాలగూడలో మాది రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ బాక్సు కింద హాల్లో, పిల్లల గదులు పైన, నడుమ స్లాబు. ఏసీ1200 రకం డ్యూయల్ బ్యాండ్ రూటర్ (5, 2.4 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండుల్లో వైఫై ఇచ్చేది) కొన్నేళ్లుగా వాడుతున్నాం. డబ్బా మీద 1200 అని పెద్దగా రాసి ఉంటుంది. అది 5 గిగాహెర్ట్జ్‌లో 867, 2.4లో 300 ఎంబీపీఎస్ స్పీడు కలిపి సుమారుగా చెప్పిన లెక్క. ఫోన్ ఒకసారికి ఏదో ఒక బ్యాండుకే కలుస్తుంది కాబట్టి ఆ అంకె ఎవరికీ కనపడదు.

హాల్లో 5 గిగాహెర్ట్జ్‌కు తిరుగులేదు, స్లాబు దాటితే నీరసపడిపోతుంది. 2.4 పైదాకా వస్తుంది గానీ వీధిలో ఇంటికో రూటర్, అన్నీ అదే బ్యాండు మీద. 1, 6, 11 చానళ్లలో రద్దీ తక్కువున్నది పెట్టుకుంటే కొంత మేలు. మా గేటు కెమెరా 2.4లోనే పనిచేస్తుంది, కాబట్టి దాన్ని ఆపేసే వీల్లేదు.

షాపులో రిపీటర్, అంటే వైఫైని అందుకుని మళ్లీ పంపే డబ్బా, పెట్టుకోమన్నారు. పక్కింట్లో దాని సంబడం చూశాను కనుక వద్దన్నాను. చౌక రిపీటర్ ఏ బ్యాండులో అందుకుంటే అదే బ్యాండులో మళ్లీ పంపాలి, స్పీడు సగానికి పడుతుంది. ఫోన్లో గీతలు నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

మాకు కలిసొచ్చింది క్యాట్6 అనే నెట్‌వర్క్ వైరు. మెట్ల పక్క పైపులోంచి పైకి లాగించి, ఇంట్లో ఉన్న ఇంకో గిగాబిట్ రూటర్‌కు ల్యాన్ పోర్టులో పెట్టాం. పైదాని అడ్రస్ 192.168.1.2కి మార్చి, అందులో డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపేయాలి. లేదంటే రెండు రూటర్లూ ఎవరికి వారే అడ్రసులు పంచుతాయి, ఉన్నట్టుండి ఒక ఫోన్లో నెట్ వస్తుంది, ఇంకోదాంట్లో రాదు.

వైరు బిగించినాయన దాని చివరి క్లిప్పులో ఎనిమిదికి బదులు నాలుగు తీగలే పెట్టి పోయాడు. నెట్ వచ్చింది కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ప్లాను 200 ఎంబీపీఎస్‌కి పెంచాక కింద స్పీడు పెరిగింది, పైన మాత్రం 94 దగ్గరే ఆగింది. స్పీడ్ టెస్టులో ఎప్పుడు చూసినా 94 వస్తోందంటే దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింకు ఉందేమో వెతకండి. 100కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఎనిమిదీ పెట్టి మళ్లీ క్లిప్పు నొక్కించి బిగిస్తే దారికొచ్చింది. వైరు గోడలోకి పోకముందే ఆ క్లిప్పు మీ కళ్లతో చూసుకోండి.

కరెంటు కోతలకు 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాం. ఫైబర్ బాక్సుకూ అందులోంచే ఇవ్వాలి, రూటర్ ఒక్కటే వెలుగుతుంటే లాభం లేదు. అడాప్టర్ మీదున్న వోల్టులే ఉండాలి, యాంపులు ఎక్కువైనా పర్లేదు.

ఇక కోతులకైతే మందు లేదు. స్తంభం మీద ఫైబర్ లాగేశాయంటే బాక్సు మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా కొట్టుకుంటుంది. అప్పుడు రూటర్ ఆపి మళ్లీ వేయడం దండగ, లైన్‌మన్‌కి ఫోన్ చేయడమే.