కొండ, సరస్సు ఫొటోలకు సర్క్యులర్ పోలరైజర్: ఆకాశం సంగతి వదిలేయండి, నీళ్ల కోసం కొనండి

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇంత ముందుకొచ్చాక ఫిల్టర్ల సంచి చాలావరకు ఖాళీ అయింది. రంగు వెచ్చబరిచే ఫిల్టర్ల పనిని వైట్ బ్యాలెన్స్ లాగేసుకుంది. పైసగం ముదురుగా ఉండి ఆకాశపు వెలుగును తగ్గించే గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ లేకపోయినా రెండు ఎక్స్‌పోజర్లు తీసి కలిపేయొచ్చు. లెన్స్ ముందు బిగించి, తిప్పుతూ తళుకును తగ్గించే పోలరైజర్‌కు మాత్రం ఇంతవరకు పోటీ రాలేదు. నీటి మీది తళుకు కింద దాగిన గులకరాయి సెన్సర్ దాకా రానే రాదు, రానిదాన్ని ఏ స్లైడరూ తేలేదు. తమాషా ఏమిటంటే, దీన్ని కొనేవాళ్లలో చాలామంది నీలాకాశం కోసం కొంటారు. ఇది ఎక్కువగా ముంచేది అక్కడే.

ముందు నీళ్ల సంగతి. నీటి మీద పడి వెనక్కి వచ్చే వెలుగు ఒక కోణంలో పూర్తిగా పోలరైజ్ అవుతుంది, అంటే దాని కంపనం ఒకే దిశకు పరిమితమవుతుంది, ఆ దిశను ఫిల్టర్ అడ్డుకోగలదు. 1815లో స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ సూత్రీకరించిన ఈ కోణం నీటికి లంబం నుంచి 53 డిగ్రీలు, అంటే నీటిమట్టం నుంచి 37 డిగ్రీలు. దీన్ని ట్రైపాడ్ లెక్కలోకి మార్చుకుంటే పని తేలిక. లెన్స్ నీటికి 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే, తళుకు పూర్తిగా పోయేది ముందున్న 2 మీటర్ల దగ్గర. లెన్స్‌ను అర మీటరుకు దించితే ఆ చోటు 65 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. కాబట్టి అడుగున ఉన్న రాళ్లు కనపడాలంటే ఫిల్టర్ తిప్పడం ఒక్కటే చాలదు, ట్రైపాడ్ ఎత్తు కూడా మార్చాలి. నేలకు ఆనించి పెట్టిన కెమెరాతో రెండు మీటర్ల అవతలి రాళ్లను చూపించమంటే ఎంత ఖరీదైన గాజైనా చేతులెత్తేస్తుంది.

ప్రతిబింబం విషయంలో ఇదే లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నిశ్చలమైన నీటిలో కనపడే శిఖరం ప్రతిబింబం, ఆ శిఖరం ఎంత ఎత్తు కోణంలో ఉందో అంతే వాలులో నీటిని తాకి మన దగ్గరికి వస్తుంది. శిఖరం 20 డిగ్రీల ఎత్తులో ఉంటే, ఫిల్టర్‌ను ఒక కొస నుంచి మరో కొసకు తిప్పేసరికి దాని ప్రతిబింబం రెండు స్టాపులకు పైగా మసకబారుతుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగమవడం లేదా రెట్టింపవడం). 10 డిగ్రీల్లో ఉన్న దిగువ గుట్టకు ఆ తేడా ఒక్క స్టాపు. అవతలి ఒడ్డున 5 డిగ్రీల్లో ఉన్న చెట్లకు అర స్టాపు కూడా ఉండదు. అందుకే ఫిల్టర్‌ను గుడ్డిగా చివరికంటా తిప్పిన ఫొటోల్లో చెట్ల ప్రతిబింబం నిక్షేపంగా ఉండి, దాని కింద మంచు శిఖరం ఉండాల్సిన చోట నల్లటి మడుగు మిగులుతుంది. అది నీటి లోపం కాదు, ఫిల్టర్‌ను తిప్పిన చేతిది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని వాడేవాళ్లు తక్కువ. తళుకు తగ్గించే స్థానం నుంచి రింగును సరిగ్గా 90 డిగ్రీలు తిప్పితే ప్రతిబింబం చిక్కబడుతుంది. ఒడ్డు, కొండ అంతే వెలుగులో ఉండగా 20 డిగ్రీల శిఖరం ప్రతిబింబానికి ముప్పావు స్టాపు దాకా అదనంగా కలిసొస్తుంది. తెల్లవారుజామున అద్దంలాంటి నీరు దొరికినప్పుడు పోలరైజర్ తీసి సంచిలో పెట్టేయమని చెప్పే సలహా సగమే సరైనది. వెలుతురు చాలినంత ఉంటే పెట్టుకునే ఉండి, ఎదురు దిశలో వాడొచ్చు.

దగ్గర రాళ్లూ కావాలి, దూరపు ప్రతిబింబమూ కావాలి అంటే ఒకే ఫ్రేములో రెండూ దొరకవు. ట్రైపాడ్ కదపకుండా రెండు ఫ్రేములు తీయండి. మొదటిది తళుకు పూర్తిగా తగ్గించి, రెండోది రింగును 90 డిగ్రీలు తిప్పి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో ఉండాలి. తర్వాత ఫ్రేము అడుగు మూడోవంతు దగ్గర మెత్తటి గ్రేడియంట్ మాస్కుతో కలిపేస్తే అతుకు కనపడదు. రింగు తిప్పేటప్పుడు లెన్స్ మీద వేలి బరువు పడి ఫ్రేము రెండు మూడు పిక్సెళ్లు జరగడం మామూలే, కలిపే ముందు లేయర్లను అలైన్ చేసుకోవాలి.

తిప్పేటప్పుడు ఒక చిక్కు ఉంది. మిర్రర్‌లెస్ కెమెరా ఆటో ఎక్స్‌పోజర్‌లో ఉంటే, తళుకు తగ్గిన కొద్దీ వ్యూఫైండర్ తనంతట తానే వెలుగు పెంచేస్తుంది. తేడా ఉందో లేదో కంటికి అంతుపట్టదు. మాన్యువల్ ఎక్స్‌పోజర్‌లో పెట్టి, నీటి అంచున ఒక తడి రాయిని పెద్దది చేసి చూస్తూ తిప్పండి. రాయి మీది తెల్లటి జిగురు మెరుపు ఒక్కసారిగా తొలగి లోపలి రంగు బయటపడే క్షణం స్పష్టంగా తెలుస్తుంది. అక్కడి నుంచి కాస్త వెనక్కి తిప్పి ఆపితే బాగుంటుంది. తడి పూర్తిగా ఆరిపోయినట్టు కనపడే రాయి నిర్జీవంగా ఉంటుంది, కొంచెం మెరుపు మిగలాలి. కెమెరాను అడ్డం నుంచి నిలువుకు మార్చినప్పుడల్లా ఈ పని మళ్లీ మొదటినుంచీ చేయాల్సిందే.

ఇక ఆకాశం. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న పట్టీలోనే ఆకాశపు వెలుగు గట్టిగా పోలరైజ్ అవుతుంది. చూపుడువేలిని సూర్యుడి వైపు చాపి, బొటనవేలిని దానికి అడ్డంగా నిలబెట్టి, మణికట్టు తిప్పండి. బొటనవేలు గీసే వలయమే ఆ పట్టీ. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మి.మీ. లెన్స్ అడ్డంగా 74 డిగ్రీలు చూస్తుంది, 16 మి.మీ. అయితే 97. ఇంత వెడల్పులో ఆ పట్టీ ఒక ముక్క మాత్రమే. అది కారు నీలంగా, దాని రెండు పక్కలా ఆకాశం వెలవెలబోతూ వస్తుంది. ఉదయం, సాయంత్రం సూర్యుడు దిగువన ఉన్నప్పుడు పట్టీ ఆకాశంలో నిలువుగా నిలబడుతుంది కాబట్టి మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. దాన్ని ఎడిటింగ్‌లో సరిచేయడం కంటే బట్టమీద సిరా మరక పోగొట్టడం తేలిక. 35 మి.మీ. కంటే వెడల్పుకు వెళ్తే, ఫ్రేములో ఆకాశం ఎక్కువుంటే, సగానికి మించి తిప్పకండి. పానొరమకైతే తీసేయడమే మంచిది.

ఎత్తయిన కొండల్లో ఇంకో ఇబ్బంది. గాలి పలచబడ్డ చోట ఆకాశం ముందే ముదురు నీలంగా ఉంటుంది. దాని మీద పోలరైజర్ పూర్తిగా తిప్పితే దాదాపు నలుపు వస్తుంది, పక్కన ఎండలో మెరిసే మంచు కత్తిరించి అతికించినట్టు కనపడుతుంది. అదే 70–200 మి.మీ. లెన్స్‌తో, ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు దూరపు కొండల మీది మసకను ఇది చక్కగా పలచన చేస్తుంది. అయితే వరసవరసలుగా నీలిపొగలో కరిగిపోయే కొండలే మీకు కావాల్సిన దృశ్యమైతే, ఆ పొగను చెరిపేసే పరికరాన్ని లెన్స్ ముందు పెట్టడంలో అర్థం లేదు. ఇంద్రధనుస్సు కనపడినప్పుడు మాత్రం జాగ్రత్త. ఒక స్థానంలో అది మరింత చిక్కబడుతుంది, ఇంకో స్థానంలో పూర్తిగా మాయమవుతుంది.

వాన వెలిసిన అడవిలో, మబ్బు పట్టిన రోజున కూడా ఇది ఆకుల మీది తెల్లటి మెరుపు తీసి పచ్చదనాన్ని బయటపెడుతుంది. నీళ్ల తర్వాత దీని రెండో గొప్ప ఉపయోగం ఇదే.

వీటన్నిటికీ చెల్లించే మూల్యం వెలుతురు. సిద్ధాంతం ప్రకారం ఎంత మంచి పోలరైజరైనా ఒక స్టాపు తింటుంది, మామూలువి ఒకటిన్నర నుంచి రెండు. ఐఎస్‌ఓ 100, ఎఫ్/11, సెకనులో 15వ వంతు ఉన్న చోట ఒకటిన్నర స్టాపు పోతే షట్టర్ సెకనులో ఐదో వంతుకు పడిపోతుంది. రాళ్లకు, కొండలకు పర్వాలేదు. ఒడ్డున గడ్డి గాలికి ఊగుతుంటే మాత్రం ఆ భాగానికి ఐఎస్‌ఓ పెంచి ఇంకో ఫ్రేము తీసుకోవాలి.

ఇక వస్తువు నాణ్యత. ధర తేడా ఎక్కువగా మూడు చోట్ల కనపడుతుంది: పోలరైజింగ్ పొర, కోటింగ్, రింగు. ఎల్‌సీడీ తెర మీద తెల్లటి పేజీ తెరిచి, ఫిల్టర్ ముందు వైపు తెరకు ఎదురుగా ఉండేలా పట్టుకుని తిప్పండి. ఒక స్థానంలో తెర నల్లబడాలి. నలుపులో ఊదా ఛాయ గట్టిగా కనిపిస్తే పొర నాసిరకం. తిరగేసి చూస్తే నల్లబడకుండా పసుపు, నీలం ఛాయలు మారుతూ కనపడతాయి, అది లోపం కాదు. వెనక ఉన్న క్వార్టర్ వేవ్ పొర, అంటే వెలుగు కంపనాన్ని సుడి తిరిగేలా మార్చే పొర, పనే అది. సర్క్యులర్ అనే పేరు వచ్చింది కూడా దాని వల్లే, గుండ్రంగా ఉన్నందుకు కాదు. తర్వాత ఫిల్టర్ లేకుండా ఒకటి, పెట్టి ఒకటి తెల్ల కాగితాన్ని ఒకే వైట్ బ్యాలెన్స్‌తో తీసి పోల్చండి. కొద్దిపాటి వెచ్చదనాన్ని సరిచేసుకోవచ్చు, ఆకుపచ్చ ఛాయ ఉంటే తిరిగిచ్చేయండి.

రింగును తేలిగ్గా తీసుకోవద్దు. జర్మన్ ఫిల్టర్ల బ్రాండు బి+డబ్ల్యూ వాడే ఇత్తడి రింగులు అల్యూమినియం లెన్స్ మరలకు పట్టేయడం తక్కువ. అల్యూమినియం మీద అల్యూమినియం, పైగా చలి, ఇసుక రేణువు తోడైతే ఇరుక్కుపోతుంది. మామూలు ఫిల్టర్ ఇరుక్కుంటే రబ్బరు షీటు మీద బోర్లించి తిప్పే చిట్కా ఉంది కదా, పోలరైజర్‌కు అది పనిచేయదు. ముందు రింగు ఊరికే తిరుగుతుంది, వెనక రింగు కదలదు. వెనకున్న సన్నటి రింగు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, మూడు నాలుగు చోట్ల సమానంగా పట్టుకుని తిప్పాలి. రెండు వేళ్లతో గట్టిగా నొక్కితే రింగు కోడిగుడ్డు ఆకారానికి వంగి మరింత బిగుస్తుంది. వాడేటప్పుడు కెమెరా వెనక నుంచి చూస్తూ ఎప్పుడూ ఎడమ వైపుకే తిప్పండి. అది బిగించే దిశ. కుడికి తిప్పుతూ పోతే ఫిల్టర్ వదులై ఏదో ఒక రోజు నీళ్లలో చేరుతుంది.

మీ లెన్సుల్లో పెద్ద వ్యాసానికి, 77 లేదా 82 మి.మీ.కి, ఒక్కటే మంచిది కొని, చిన్నవాటికి స్టెప్ అప్ రింగులు (చిన్న లెన్స్‌కు పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసే రింగులు) వాడటం లాభం. అలా పెట్టినప్పుడు లెన్స్ హుడ్ పట్టదు, ఎండ పక్కనుంచి గాజు మీద పడుతుంటే టోపీయో అరచేయో అడ్డుపెట్టాలి. వైడ్ లెన్స్ మూలలు నల్లబడకుండా సన్నటి రింగు ఉన్నది తీసుకోండి, అయితే ముందు మర ఉందో లేదో చూడండి. లేకపోతే లెన్స్ క్యాప్ నిలవదు. యూవీ ఫిల్టర్ మీద దీన్ని బిగించడం మాత్రం మూలల నలుపుకీ, మెరుపు మచ్చలకీ పిలుపే.

పోలరైజింగ్ పొరను రెండు గాజుల మధ్య అతికించి చేస్తారు, ఆ అతుకే దీని బలహీనత. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా, నీళ్లలోనో స్పిరిట్‌లోనో ముంచి కడిగినా అంచు నుంచి పొర విడుతుంది. మొదట రింగు పక్కన సన్నటి ఇంద్రధనుస్సు చార కనపడుతుంది, అది లోపలికి పాకితే ఇక బాగుచేయలేరు. జల్లు పడ్డప్పుడు బ్లోయర్‌తో నీటిచుక్కలు ఊది, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి. గుడ్డను ఒక్క చుక్క లెన్స్ క్లీనర్‌తో తడిపితే చాలు, ద్రవాన్ని నేరుగా గాజు మీద చల్లకండి.