భీమిలికి ముందు వెళ్ళండి, రుషికొండ ఎక్కడికీ పోదు

వైజాగ్‌లో ఉంటూ భీమిలికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఊరు చూసింది మాత్రం మొన్న డిసెంబరులోనే. ప్రతిసారీ ఒకటే తంతు. ఇల్లు కదిలేసరికి పది. దారిలో కైలాసగిరి మీద ఫొటోలు, రుషికొండలో పిల్లలు నీళ్ళలోంచి రారు, తొట్లకొండ ఎక్కి దిగేసరికి అందరికీ నీరసం. భీమిలి చేరేటప్పటికి చీకటి. ఒడ్డున నిలబడి మురీ మిక్చర్ తిని వెనక్కి తిరగడమే.

ఈసారి మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ నుంచి పద్నాలుగు మందిమి ఒక టెంపో మాట్లాడుకున్నాం. వరస తిరగేద్దామని నేనే పట్టుబట్టాను. తెల్లారేసరికి భీమిలిలో ఉండాలి, మిగతావన్నీ వెనక్కి వస్తూ చూసుకోవాలి. "చలిలో ఐదింటికా?" అని రెండో అంతస్తు పిన్నిగారు మూతి ముడిచారు. తీరా ఐదుంబావుకి స్వెటర్ వేసుకుని అందరికంటే ముందు గేటు దగ్గర నిలబడింది ఆవిడే. డ్రైవర్ మాత్రం నలభై నిమిషాలు ఆలస్యం. ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చేశానండి" అంటాడు. బండి మాట్లాడేటప్పుడు మనకి కావలసిన టైముకంటే అరగంట ముందు టైము చెప్పాలని ఆరోజు నేర్చుకున్నాను. ఆ తర్వాత మాత్రం నెమ్మదిగా, జాగ్రత్తగా నడిపాడు. ఆ మాట కూడా చెప్పాలి.

సూర్యోదయం దారిలోనే అయిపోయింది. అయినా భీమిలి ఒడ్డున అప్పటికింకా జనం లేరు. వలలు విప్పుకుంటున్న జాలర్లు, చేపల బుట్టలతో ఆడవాళ్ళు, కుక్కలు, మేము. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట చాలాసేపు కూర్చున్నాం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చే నీళ్ళే ఇవని చెబితే, పోయినేడు బొర్రా చూసొచ్చిన పిల్లలు నమ్మలేదు. నది పక్కన అల తక్కువగా కనిపిస్తుంది గానీ అక్కడ దిగకండి, లోపల లాగుతుంది. ఒడ్డున ఉన్న జాలరి తాత ఆ మాట మాకు రెండుసార్లు చెప్పాడు.

టిఫిన్ బస్టాండు పక్కన బండి మీద. పెసరట్టు, అల్లం చట్నీ. రోజంతటిలో తిన్నవాటిలో మంచిది అదే, చౌకైనదీ అదే.

తర్వాత డచ్చివారి సమాధులు. నేను తెల్లవారుజామున లేచింది వీటి కోసమే. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చిన డచ్చివాళ్ళు ఇక్కడ స్థావరం పెట్టుకుని, 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి పోయారు. మనవాళ్ళు వాళ్ళని వలందులు అనేవారు. బందరులో వలందపాలెం అనే పేరు అలా మిగిలిందే. సూదిగా పైకి లేచిన గోపురాల్లాంటి సమాధులు, రాళ్ళ మీద డచ్చి అక్షరాలు. పిన్నిగారు ఒక రాయి మీద చెయ్యి వేసి, "పాపం, వీళ్ళింటికి కబురు ఎన్నాళ్ళకి అందిందో" అన్నారు. చదవడానికి తెలుగులో నాలుగు ముక్కలు రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది! మా గుంపులో సగం మంది పది నిమిషాల్లో బయటికొచ్చి బండెక్కేశారు. వాళ్ళని తప్పుపట్టలేను, చెప్పేవాళ్ళు లేకపోతే రాళ్ళు రాళ్ళే.

గడియార స్తంభం, పాత చర్చి, పెంకుటిళ్ళ వీధులు నడిచి చూసేవే. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు మహా విశాఖలో కలిసిపోయింది. పావురాలకొండ మెట్లు మోకాళ్ళు బాగున్నవాళ్ళకి. నలుగురు వెళ్ళొచ్చారు. పైనుంచి నది, సముద్రం కలిపి కనిపిస్తాయట. నేను కింద కొబ్బరిబోండాం తాగుతూ ఉండిపోయాను.

పెద్దవాళ్ళ కోసం ఒక లాడ్జిలో పూటకి గది తీసుకున్నాం. "సముద్రం కనిపిస్తుంది" అని ఫోన్లో చెప్పారు. కనిపించింది, డాబా ఎక్కితే. వేడినీళ్ళు రాలేదు. అయినా బాత్రూమ్ శుభ్రంగా ఉంది, ఫ్యాన్ తిరిగింది, ఒడ్డున మరుగుదొడ్డి కోసం వెతుక్కునే బాధ తప్పింది. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు ఉన్న గుంపైతే ఈ ఖర్చు దండగ కాదు. రాత్రి ఉండటానికైతే మాత్రం ఆ గది నేను తీసుకోను.

భోజనం దగ్గర దెబ్బతిన్నాం. పొద్దున్నే వెళ్ళి పద్నాలుగు మందికి వంజరం వేపుడు, చేపల పులుసు చెప్పి అడ్వాన్సు కూడా ఇచ్చాం. ఒంటిగంటకి వెళ్తే, "వంజరం అయిపోయిందమ్మా, చికెన్ పెట్టమంటారా?" అన్నారు. పొద్దున కళ్ళముందు బుట్టల్లో చేపలు దిగిన ఊళ్ళో! గట్టిగా అడిగితే కానాగంత చేపలు వేయించి పెట్టారు. నిజం చెప్పాలంటే అవే బాగున్నాయి. శాకాహారులు ముగ్గురికి పప్పు, పెరుగుతో సరిపెట్టారు. అలాంటివాళ్ళు మీతో ఉంటే ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్ళండి.

వెనక్కి వస్తూ ఎర్రమట్టి దిబ్బలు. సాయంత్రపు ఎండ పడితే ఆ ఎరుపు ఇంకోలా ఉంటుంది. గాలీ నీరూ వేల ఏళ్ళు చెక్కిన ఇసుక అది, చేత్తో రాస్తే రాలిపోతుంది. అంచులెక్కి దూకుతున్న కుర్రాళ్ళని చూస్తే ఒళ్ళు మండింది. తొట్లకొండ దాటేశాం. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడిన ఆ బౌద్ధారామానికి విడిగా ఒక పూట కావాలి. రుషికొండకి వచ్చేసరికి ఐదున్నర. శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన తీరం కదా, బట్టలు మార్చుకోడానికి గదులూ అవీ ఇక్కడే నయం. పిల్లలు అరగంట తడిసి, ఎవరూ పిలవకుండానే బయటికొచ్చేశారు. అలసిపోయారు మరి.

మనిషికి తొమ్మిది వందలు పడింది, అందులో సగానికి పైగా బండికే. ముగ్గురు నలుగురే అయితే బండి అక్కర్లేదు. రైల్వేస్టేషన్ నుంచి 900కె బస్సు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి తీసుకెళ్తుంది. ఎడమవైపు కాదు, కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి.