కార్బురేటర్ మారుతి 800కి వాక్యూమ్ గేజి: హెచ్‌సీకి సరే, సీఓకి కాదు

పాత బండి పొల్యూషన్ చెక్‌లో తప్పగానే చాలా షెడ్లలో ముందు కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) విప్పేస్తారు. విప్పాల్సిన అవసరం ఉందో లేదో చెప్పడానికే నేను వాక్యూమ్ గేజి (ఇంజను గాలిని లాగే బలాన్ని కొలిచే ముల్లు మీటరు) వాడుతున్నాను. ఏళ్ల తరబడి వాడాక నా మాట ఇది: పొగలో హెచ్‌సీ (మండకుండా మిగిలిన పెట్రోలు) ఎక్కువొస్తే బంగారం లాంటి పనిముట్టు, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) ఎక్కువొస్తే దాదాపు దండగ. అందుకే ముందు చెక్ చేసినవాళ్లిచ్చిన కాగితం చూడాలి. భారత్ స్టేజ్-2 పొల్యూషన్ నిబంధనలకు ముందు తయారైన పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను తిరిగేటప్పుడు) సీఓ 3 శాతం, హెచ్‌సీ 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 వంతులు) దాటకూడదు.

సీఓ ఒక్కటే పెరిగితే పెట్రోలు ఎక్కువ పడుతోందని అర్థం. గాలి, పెట్రోలు మిశ్రమం కాస్త చిక్కబడినా గేజి ముల్లు పెద్దగా కదలదు. అప్పుడు చూడాల్సినవి మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, కేబుల్ పట్టేసి పూర్తిగా తెరుచుకోని చోక్, నీడిల్ వాల్వు అరిగి ఫ్లోట్ బౌల్‌లో (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నెలో) పెరిగిన పెట్రోలు మట్టం. ఇంజన్ ఆయిల్‌కు పెట్రోలు వాసన వస్తుంటే బ్రీదర్ పైపు (ఇంజనులోని ఆవిరిని కార్బురేటర్ వైపు తీసుకెళ్లేది) విడదీసి సీఓ మళ్లీ కొలిపించండి. బాగా తగ్గితే ముందు ఆయిల్ మార్చాలి. తీగతో పొడిచి పెద్దవి చేసిన జెట్లకు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలకు) ఏ ట్యూనింగూ పనిచేయదు, కొత్తవి వేయాల్సిందే.

హెచ్‌సీ పెరిగితే గేజి తీయండి. ఇంజను బాగా వేడెక్కాక, గేజి ట్యూబును థ్రాటిల్ ప్లేటుకు (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే పలకకు) దిగువన మానిఫోల్డ్‌కే (సిలిండర్లకు మిశ్రమం తీసుకెళ్లే గొట్టానికే) తగిలించాలి. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న పైపుకు పెడితే చాలా కార్బురేటర్లలో ఐడ్లింగ్‌లో ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది, ఇంజను పోయిందని బెంబేలెత్తుతారు. మంచి ఇంజను విశాఖలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య నిలకడగా చూపాలి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు అంగుళం తగ్గుతుంది కాబట్టి హైదరాబాదులో ఒకటిన్నర, రెండు అంగుళాలు తక్కువొస్తే కంగారక్కర్లేదు.

ముల్లు నిలకడగానే ఉండి తక్కువ చూపితే టైమింగ్ లేటు (ప్లగ్గు ఆలస్యంగా వెలగడం) కావచ్చు, లేదా ఎక్కడో గాలి లాగుతోంది. వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. దేన్ని నొక్కితే ముల్లు లేస్తుందో లీకు ఆ దారిలోనే. అవి బాగుంటే కార్బురేటర్ కింది గాస్కెట్. నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి, బలం చూపిస్తే ఫ్లాంజి వంగి లేని లీకు పుడుతుంది. క్లీనర్ చల్లి లీకు వెతకడం వేడి ఎగ్జాస్ట్ పక్కన ప్రమాదం.

ఒకే లయలో ముల్లు పడి లేస్తుంటే ఒక సిలిండర్ మండట్లేదు: ప్లగ్గు, వైరు, లేదా కాలిన వాల్వు. ఏ సిలిండరో గేజి చెప్పదు, కాలిన వాల్వు అనుకుంటే కంప్రెషన్ చూడాలి. ఐడ్లింగ్‌లో వణికి, రేస్ చేస్తే నిలబడితే వాల్వ్ గైడ్లు అరిగాయి.

మిక్స్చర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో మిశ్రమాన్ని సరిచేసేది) ముట్టుకునే ముందు ఎన్ని చుట్ల మీద ఉందో రాసుకోండి. ముల్లు గరిష్ఠానికి చేరేదాకా తిప్పి, అక్కడి నుంచి అర అంగుళం పడేదాకా లోపలికి తిప్పి, ఐడ్లింగ్ మళ్లీ 900 ఆర్పీఎంకి సరిచేయాలి. గరిష్ఠం దగ్గరే వదిలేస్తే సీఓ ఎక్కువే ఉంటుంది. మరీ లోపలికి తిప్పితే మిశ్రమం పలచబడి మిస్‌ఫైర్ అయి హెచ్‌సీ లేస్తుంది.

గేజి మీద ఫిర్యాదులు రెండు. రబ్బరు ట్యూబు చివర వేడికి పగిలి, గేజే లీకవుతుంది. ఆ ముక్క కోసేసి తగిలించాలి. మూడు సిలిండర్ల ఇంజనుకు ముల్లు మామూలుగానే కాస్త అదురుతుంది. ట్యూబులో సన్న రంధ్రమున్న బిరడా పెడితే ఆగుతుంది గానీ వాల్వ్ గైడ్ల వణుకు కూడా దాంతోపాటే కనిపించకుండా పోతుంది, కాబట్టి స్క్రూ తిప్పేటప్పుడు తప్ప అది వాడను.